పొమోనా పాతసామానుల సంత

లాస్ ఏంజెలీసు నగరమునకు తూర్పుగా ముప్పది మైళ్ల దూరమున పొమోనా యను పట్టణము కలదు. పొమోనా యనగా ప్రాచీన రోమకులు కొలిచిన పండ్లతోటల యధిదేవత. 1875 ప్రాంతమున నీ పట్టణమునకు పేరు పెట్టవలసి వచ్చినపుడు తోటపని తెలిసిన యొక పెద్దమనిషి యా దేవత పేరు సూచించెనట. ఆ పేరునకు తగినట్లే చిరకాల మీ ప్రాంతమంతయు నారింజతోటలతో కళకళలాడెను. ఇప్పు డా తోటలు లేవు. వాని చోట నిండ్లును, గోదాములును, మన యూరి చెరువుగట్టులు నాలుగింటిని ప్రక్కప్రక్కన పేర్చినంత వెడల్పుగల బాటలును వెలసినవి. 1922లో కౌంటీ తిరునాళ్ల కారంభస్థానమైన పెద్దమైదానము మాత్ర మున్నది. ఏడాదిలో కొన్ని యాదివారములం దచ్చట పాతమోటారుల సంత కూడును. పండ్లదేవత పేరుగల యూర నిప్పుడు కుప్పలుగా నమ్మునవి యినుప కాయలు, ఇత్తడి పిందెలు.

ఇనుపసామానుల సంతలో నాడువారి కేమి పని యని చదువరులగు సోదరీమణులు నవ్వవచ్చును. పని యున్నది, చెప్పెదను.

మావా రొక యున్నతపాఠశాలలో నుపాధ్యాయులు. వేసవి సెలవులలో మే మిరువురమును, మా యమ్మయు కాలిఫోర్నియాలోనున్న మా తమ్మునింటికి పోయితిమి. వానికి 1971లో తయారైన ఫోక్స్‌వాగన్ వాను ఒకటి కలదు. అది వట్టి బండి గాదు. చక్రములపై కట్టిన చిన్నయిల్లు. లోపల పరుపుగా మారు బల్ల, బట్టల బీరువా, ఐసుపెట్టె, చేతిపంపుతో నీరువచ్చు తొట్టి, మడతపెట్టు భోజనపు బల్ల, పైకెత్తిన నిలుచుటకు వీలగు కప్పు: ఇన్నియు నొక చిన్న వంటయింటి వైశాల్యమున నిమిడ్చినారు. ఎవ రమర్చిరో కాని, అంగుళము చోటు వ్యర్థము కానీయలేదు. దీని జన్మచరిత్రము కొంచెము చెప్పుదును. 1947లో హాలండు దేశపు వర్తకుడు బెన్ పాన్ అనునతడు తన పుస్తకములో పెట్టెవంటి బండి బొమ్మ నొకదాని గీచెను. 1950లో జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గున నట్టి బండ్లు తయారగుట మొదలై, 1956లో నా పని హానోవరునకు మారెను. ఆ బండ్లలో పడకలు, అలమరలు అమర్చి యిండ్లుగా మార్చినది వీడెన్‌బ్రూక్ అను చోటనున్న వెస్ట్‌ఫాలియా కర్మాగారము. మా తమ్ముని బండి యచ్చటిదే.

బండి సొగసునకు లోపము లేదు. దాని బలమునకే వచ్చినది చిక్కు. ఇంజను వెనుక దిక్కున నుండును. దానిని చల్లార్చుటకు నీరు లేదు. పంకా విసరు గాలియే యాధారము. ఉదరము 1584 ఘనసెంటీమీటర్లు. జర్మనీవారి లెక్కను 50 గుఱ్ఱముల శక్తి. ఆ శక్తితో నింత యింటిని, అందులో నాఱుగురను, వారి మూటాముల్లెను లాగవలెను. చదునైన బాటపై నెట్లో పరుగిడును. కొండయెక్కు వచ్చినచో లారీలు సయితము వెనుకనుండి బూరలు మ్రోయించును.

ఆ వేసవిలో మా యమ్మను సెకోయా వనమునకు తీసికొనిపోవలెనని తమ్ముని సంకల్పము. అచ్చటి జనరల్ షెర్మన్ వృక్షము పరిమాణమున లోకమందలి చెట్లన్నిటిలో పెద్దది. ఎత్తు సుమారు 275 అడుగులు. కాని యా త్రోవలో 4,144 అడుగుల యెత్తున తెహోన్ కనుమ దాటవలెను. ఆ మీద దాదాపు 7,000 అడుగుల వఱకు ఘాటుబాట. అంతకుముందు సంవత్సరము మరదలిని, బిడ్డను తీసికొని పోవుచు కనుమ నడుమ నొకసారి బండి నిలిచిపోయినదట. ఎండలో మూడుగంటలు బాటప్రక్కన గూర్చున్న మరదలు నాటినుండి దానిని అమ్మివేయుమని పట్టుపట్టినది. ఆమె మాటలో నన్యాయ మేమియు లేదు. పాతబండ్లలో పెట్రోలు గొట్టములు చివికి, కారి, వెనుకనున్న ఇంజను మండిన సందర్భములు చాల గలవు. వెనుకసీటునందు కూర్చుండునది తన బిడ్డయే కదా!

తుద కిరువురకు నొక యొడంబడిక కుదిరినది. అయిదువందల డాలర్లకు మించి వ్యయము చేయరాదు. ఆ సొమ్ముతో బండి కొండయెక్కునట్లు చేసిన సరి. లేనిచో వేసవి చివర బండి నమ్మివేయవలెను. "వదినగారూ, మీరును సంతకు వెళ్లుడు. మెఱసిన దెల్ల కొనుక్కొనివచ్చు అలవాటు మీ తమ్మునికి కలదు" అని మరదలు నాతో ననెను. కావున నేను పోయితిని.

కొనవలసిన వస్తువు కార్బ్యురేటరు; ఒకటి కాదు, జంట. అది యేమిటో తెలియనిచో సంతలోని బేరము బోధపడదు గనుక నించుక వివరింతును. పెట్రోలు ద్రవముగా నున్నంతసేపు ఇంజనుకు పనికిరాదు. తుంపురులై గాలిలో కలియవలెను. గాలి పోవు గొట్టమును నడుమ నొక్కి సన్నము చేసినచో నచ్చట గాలివేగము హెచ్చి యొత్తిడి తగ్గును. ఆ చోట నొక సన్నని రంధ్రము పెట్టిన పెట్రోలు దానంతట నదియే పైకి పీల్చబడి తుంపురులగును. అత్తరు చిమ్ము బుడ్డిలోని కిటుకు నిదియే. ఆ నొక్కునకు ఇటలీదేశపు శాస్త్రజ్ఞుడైన వెంచురి పేరే పెట్టినారు. 1893లో బుడాపెస్టు నగరమున బాంకి, చోంకా అను నిరువు రిట్టి సాధనమున కధికారపత్రము పొందిరి. వీథిలో పూలమ్ము పడుచు నోటితో నీరు చిమ్మి పూలను తడుపుట చూచి వారి కీ యూహ తట్టెనని యొక కథ ప్రచారమున నున్నది. కథ నిజమో కల్లయో గాని, పూలమ్మి పేరు మాత్ర మధికారపత్రమున నెక్కలేదు.

ఈ బండి యింజనులో నాలుగు సిలిండర్లు రెండు జట్లై కుడియెడమల పడుకొని యుండును. నడుమ నొక్కటే కార్బ్యురేటరు, 34 మిల్లీమీటర్ల సోలెక్స్. రెండు పంక్తుల విందునకు నట్టనడుమ నొక్కరు నిలిచి చెయిచాచి వడ్డించిన నెట్లుండును? ఆ దూరము పోవునప్పటికి తుంపురులు చల్లని గొట్టపు గోడలకంటి మరల ద్రవమగును. దాని నివారణకు పొగగొట్టపు వేడిని సన్ననాళముతో త్రిప్పి తెచ్చినారు కాని, యా నాళము మసిపట్టి మూసికొనిపోవుట సామాన్యము. పంక్తి కొకరు చొప్పున వడ్డించువారు నిలిచినచో నీ బాధ లేదు. జంట కార్బ్యురేటర్ల యుపయోగ మదియే. బలము విశేషముగా పెరుగదు. ఉన్న బలము మాత్రము వృథాపోక దక్కును. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందటి పెట్రోలుబండ్లకు పొగపరీక్ష లేదు గనుక నా చిక్కును లేదు.

క్రొత్తజంటలు దొరకును. కాని లింకులు, మానిఫోల్డులు, గాలిజల్లెడలు కలుపుకొని యవి మా యొడంబడికను సులువుగా దాటిపోవును. అదియును గాక తమ్ముడు కోరినది వెబర్ అను ఇటలీదేశపు జాతి. ఎడ్వర్డో వెబర్ 1923లో బొలోన్యా నగరమున స్థాపించిన కర్మాగార మది. అచ్చటి పని 1992లో నాగి స్పెయినుదేశమునకు తరలెను. బొలోన్యా ముద్రగలవి కావలెనన్న పాతవానినే వెదకవలెను.

అయిదుగంటలకే సంత తలుపులు తెఱతురు. చీకటిలో బయలుదేరితిమి. మైదానము చేరునప్పటికి వేలమంది చేతిదీపములతో నేలచూపులు చూచుచు తిరుగుచుండిరి. దూరమునుండి చూచువారి కది కార్తికమాసమున చెరువున విడిచిన దీపములవలె నుండెను. దగ్గఱకు పోయిన నది పెట్రోలు, రబ్బరు, కాలిన కాఫీల వాసన. నేలపై పట్టాలు పఱచి, వానిపై తలుపులు, దీపపు గుబ్బలు, సీట్లు, గడియారములు, చక్రపుటంచులు వరుసలుగా పెట్టినారు. అమెరికాబండ్ల వారి కొక వీథి, జర్మనీబండ్ల వారి కొక వీథి. అమ్మువారిలో ముసలివారే హెచ్చు. మడతకుర్చీలో గూర్చుండి, కాళ్లపై దుప్పటి కప్పుకొని, అడిగినదాని కొక్కమాటలో బదులు చెప్పుదురు. ధర కాగితపు పట్టీపై వ్రాసి యంటించి యుండును. అది తొలిమాటయే, తుదిమాట కాదు. ఈ విషయమున మన యంగళ్లకు నచ్చటివానికి భేద మేమియు కనబడలేదు.

తెల్లవాఱుచుండగా మొదటి జంట కనబడినది. వెండిగిన్నెలవలె తళతళలాడుచున్నవి. ధర 450 డాలర్లు. తమ్ముని ముఖ మా వెలుగులో వెలిగినది. "అక్కయ్యా, 44! మా బండికి రెక్కలు వచ్చును" అనెను. 44 అనునది గొట్టపు వ్యాసము మిల్లీమీటర్లలో. మావారు, "ఓయీ, నీ ఇంజను కడుపెంత? దానికింత నోరెందుకు?" అని యడిగిరి. ప్రశ్న సమంజసమే. గొట్టము మరీ వెడల్పైన గాలి మెల్లగా పోవును. గాలి మెల్లనైన పెట్రోలును పీల్చలేదు. పందెపు బండి సదా అత్యంతవేగమున త్రిరుగును గనుక దాని కది తగును. ఆఱుగురతో కొండయెక్కు ముసలిబండి మూలుగుచు తక్కువ వేగమున త్రిరుగును. దానికి సన్ననిమెడయే మేలు. తమ్ముని కీ సంగతి తెలియక కాదు. కాని మెఱుపు కన్నులను లాగును. నాకు మరదలి మాట జ్ఞప్తికి వచ్చి చెయిపట్టి యావలికి తీసికొనిపోయితిని.

రెండవచోట 40 పరిమాణము గలవే దొరికినవి. అవియు తెల్లగా, క్రొత్తవానివలె నున్నవి. ఎట్లు శుభ్రము చేసితిరని తమ్ము డడుగగా గాజుపూసల పొడిని గాలితో చిమ్మించితినని యమ్మువాడు గర్వముతో చెప్పెను. తమ్ము డది వినగానే వానిని క్రింద పెట్టెను. కార్బ్యురేటరు లోపల వెండ్రుకవాసి దారులు పదుల సంఖ్యలో నుండును. ఆ పొడి రేణు వొక్కటి లోపల చిక్కుకొన్నను పెట్రోలుదారి మూసికొనును. పైగా రెండింటి వీపులపైనున్న అంకెలు వేఱు. ఒకటి యొక కాలపుది, మఱియొకటి మఱియొక కాలపుది. లోపలి రంధ్రముల యమరికలు సరిపోవు. జోడు కాని యెడ్లను కాడికి కట్టినట్లే.

ఎనిమిదిగంటల వేళ నెండ ముదురుచుండగా, వీథి చివర గడ్డితోపి పెట్టుకొన్న యొక వృద్ధుని పట్టాపై మూడవ జంట కనబడినది. మట్టికొట్టుకొని, ఎండిన పెట్రోలు బెల్లపుపాకమువలె నంటుకొని, చూచుటకే యసహ్యముగా నుండెను. భారతమున అరణ్యపర్వమం దొక ఘట్టము నాకు గుర్తు వచ్చినది. బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువున నున్న నలుడు, ఒక్కదినమున విదర్భకు రథము నడుపవలసివచ్చి, బక్కచిక్కిన గుఱ్ఱములను ఏరి తెచ్చును. రాజు నన్ను పరిహసించుచున్నావా యని యడుగును. గుఱ్ఱపు మేనిపైని సుడులే నలుని కన్నునకు కనబడినవి, బక్కతనము కాదు. ఈ జంట మేనను బొలోన్యా పేరును, రెండింటిపై నొకే యంకెయు నుండెను. ఎన్నడును విడిపోని జంట యన్నమాట. వృద్ధుడు తన యిసుకతిన్నెల బండిపై నిరువదియేండ్లు నడిపి, ఆ బండి నమ్మినప్పుడు వీనిని మాత్ర ముంచుకొన్నాడట. మానిఫోల్డులు, లింకులు, గాలిజల్లెడలు సర్వము నొక పెట్టెలో నుండెను. ఇది చిన్నమాట కాదు. విడివిడిగా నా చిల్లరసామాను కొనబోయిన కొన్నిసార్లు జంట ధరకు మించును.

పిమ్మట పరీక్ష. ఆ యరగంట నేను మఱువజాలను. తమ్ముడు మొదట ఇరుసు పట్టుకొని క్రిందుమీదులుగా కదిపి చూచెను. గాలిని విడుచు, మూయు పలుచని బిళ్ల యా ఇరుసుపై నుండును. ఇరుసు తిరుగవలెను, ఊగరాదు. పాతవానిలో ముఖ్యముగా చూడవలసిన దిదియే. మరలు మార్చవచ్చును, తోలుముక్కలు మార్చవచ్చును. కాని యిరుసు చుట్టునున్న రంధ్ర మఱిగినచో నా సందునుండి దొంగగాలి చొఱబడును. గాలి యెక్కువై పెట్రోలు తక్కువైన మంట చల్లబడునని మన మనుకొందుము. కొంతవఱకు దానికి విరుద్ధముగా ఇంజను మఱింత కాగును. తూకమున పెట్రోలు 1 పాలునకు గాలి సుమారు 15 పాళ్లు సమపాళము. దానికంటె గాలి కొంచెము మించినను, నీటిచల్లదనము లేని యీ ఇంజనులో కవాటములు కాలిపోవును. మూడువందలకు కొన్న వస్తువు వేల డాలర్ల ఇంజనును చంపివేయును. మరదలి భయమునకు మూలమైన దీ వేడియే కదా. ఆ యిరుసు లించుకయు నూగలేదు.

తరువాత బిళ్లను మూసి, గొట్టమును సూర్యునివైపు పట్టి చూచెను. చుట్టు సన్నని వెలుగురేఖ సమముగా నుండవలెను. ఒకవైపు చంద్రవంకవలె నుండరాదు. మానిఫోల్డున కంటుకొను అంచుపై మావారు తమ జేబులోని యినుపకొలబద్ద నిలువుగా పెట్టి, ఎచ్చటనైన వంగినదేమో చూచిరి. బడిపంతుళ్ల జేబులో కొలబద్ద యుండుట మేలే. బోల్టుల నతిగా బిగించినచో నీ మెత్తని లోహము వంగును. మరరంధ్రములలో చుట్లు చెడలేదుకదా యని యొక్కొక్కదానిలో మరను వ్రేళ్లతో త్రిప్పిచూచిరి. పైమూత విప్పగా లోపల గిన్నె యడుగున తెల్లని బూజువంటి మచ్చ యొకచోట కనబడినది. నీరు నిలిచిన చోట లోహ మట్లు పువ్వుపట్టి తినివేయబడును. గోటితో గీకగా రాలినది. క్రింద గుంట లేదు.

ఇత్తడి ఫ్లోటులను నా చేతి కిచ్చి, "అక్కయ్యా, చెవి యొద్ద నూపి చూడు" అనెను. గిన్నెలో పెట్రోలు నిండగానే తేలి తలుపు మూయునవి యవి. ఎక్కడైన నెఱ్ఱె విడిచి లోనికి పెట్రోలు దిగిన మునిగిపోవును. మునిగిన పెట్రోలు పొంగి పొరలి వేడి ఇంజనుపై పడును. కొబ్బరికాయ కొనుటకు చెవియొద్ద నూపని యాడుది మనలో లేదు. కాయలో నీరు పలుకవలెను, దీనిలో పలుకరాదు. మొదటిజత నిశ్శబ్దము. రెండవదానిలో నొకవైపు సన్నగా, చాల సన్నగా, గళగళ వినబడినది. ఆ సంతరొదలో తమ్మునికి వినబడలేదు, మావారికిని వినబడలేదు. నేను మఱల నూపి వృద్ధుని కిచ్చితిని. ఆయన తోపి వెనుకకు నెట్టి, చెవియొద్ద పట్టి, కన్నులు మూసికొని యూపెను. పిమ్మట నేమియు మాటాడక పెట్టెయడుగున వెదకి, ఇంకొక ఫ్లోటు తీసి నా చేత పెట్టెను. అది పలుకలేదు.

ధర 380 అని పట్టీపై నుండెను. తమ్ముడు 260 అనెను. వృద్ధుడు నవ్వి 340 అనెను. నేను తెలుగులో, "వెళ్లిపోవుచున్నట్లు నాలుగడుగులు వేయుము" అని చెప్పితిని. భాష తెలియకున్నను భావము తెలిసినట్లున్నది. ఆ వృద్ధుడు నావైపు చూచి బిగ్గరగా నవ్వి 300 అనెను. పైగా నొక చిన్నడబ్బాలో పాతజెట్టులు కొసరుగా పోసి యిచ్చెను. కొసరను మాట యచ్చట లేకపోవచ్చును; ఆచారము మాత్ర మున్నది.

ఇంటికి తెచ్చిన పిమ్మట వారము దినములు గరాజులో శుభ్రపఱచుటయే పని. మా యమ్మ చింతపండు వేసి తోమిన తేటపడునుకదా యని సూచించినది. ఇత్తడికి మంచిమాటయే, కాని యీ దేహము అల్యూమినియము. చింతపులుసు కాచిన అల్యూమినియపు గిన్నె యేమగునో యిల్లాండ్రకు చెప్పనక్కఱలేదు. తగిన ద్రావకమున నానవేసి, కుంచెతో కడిగి, ప్రతి నాళము నొత్తిడిగాలితో నూదవలెను. జెట్టులలో మాత్రము పిన్నీసుగాని తీగగాని దూర్చరాదు. జెట్టుపై 120 అని యున్న రంధ్రము 1.20 మిల్లీమీటర్లన్నమాట, మెత్తని యిత్తడిని తీగతో నొకసారి రాచిన నా లెక్క చెడును. సంతలో దొరికిన జంటలో 32 మిల్లీమీటర్ల నొక్కులు, 130 జెట్టులు నుండెను. మా చిన్న ఇంజనుకు 28 నొక్కులు వేసి, జెట్టులు 120కి దింపిరి. మావారు వ్రాసిన జమాఖర్చు నిట్లున్నది: జంట 300, నాలుగు నొక్కులు 60, గ్యాస్కెట్టులు, సూదితలుపులు గల రెండు పొట్లములు 50, జెట్టులు 30, క్రొత్త పెట్రోలుగొట్టములు, బిగింపుపట్టీలు 25, మంటలార్పు సిలిండరు 30, మొత్తము 495. చివరి రెండును మరదలు చెప్పగా చేర్చినవి. నా మనసునకు తక్కిన వానికంటె నవియే ముందు కొనవలసినవి.

బిగించుట యొక యెత్తు, జోడు కలుపుట యొక యెత్తు. రెండింటిలోనికి గాలి సమముగా పోవుచున్నదో లేదో చూచుటకు చిన్న గాజుగొట్టము గల సాధనము కలదు. దానిలో నొక పూస గాలివేగమునకు పైకి లేచును. తమ్ముడు దానిని స్నేహితునియొద్ద నెరవు తెచ్చెను. కుడివైపు పూస యెంతయెత్తు నిలుచునో యెడమవైపు నంతయే నిలుచువఱకు మర త్రిప్పుట, మరల కొలుచుట. ఇట్లొక పూట గడచినది. నిప్పురవ్వ పడు వేళయు సరిచూచిరి. ఇరువదిమైళ్లు త్రిప్పి వచ్చి ప్లగ్గులు విప్పిరి. తెల్లగా నున్నచో పెట్రోలు చాలలేదు, మసిబారినచో మించినది. మొదటిసారి కొంచెము తెల్లన. కొసరుడబ్బాలో వెదకగా 125 జెట్టులు నాలుగు దొరకినవి. అవి వేసి మరల త్రిప్పివచ్చి విప్పగా ప్లగ్గుల కొనలు పాలెక్కువ వేసిన కాఫీవలె వచ్చినవి. మరదలు దూరమున నిలిచియే చూచి, "ఈ రంగు మంచిదేనా వదినగారూ?" అని యడిగినది. మంచిదే యంటిని.

తరువాతి శుక్రవారము తెల్లవాఱకముందే సెకోయాకు బయలుదేరితిమి. కాస్టేక్ దాటిన పిమ్మట చడావు మొదలగును. మరదలు బిడ్డను దగ్గఱకు తీసికొని, మంటలార్పు సిలిండరు పాదములచెంత పెట్టుకొని కూర్చుండెను. బండి నిలువలేదు. గాలిలో తేలిపోయినదనియు చెప్పను. మూడవ గేరులో నలువదియైదు మైళ్ల వేగమున, లారీల వరుసలోనే, ఎక్కినది. వెనుకటి యేడు రెండవ గేరున నిరువదియెనిమిదికి దిగజాఱినదట. మీద ఘాటులో నాఱువేల యడుగులు దాటినపుడు పెట్రోలు వాసన కొంచెము తగిలి అందఱము భయపడితిమి. బండి నాపి, తమ్ముడు చేతిదీపముతో గొట్టములన్నియు తడిమి చూచెను. ఎచ్చటను తడి లేదు. ఆ యెత్తున గాలి యయిదింట నొకపాలు పలుచనైనది. గాలి తగ్గినను జెట్టు అదియే గనుక, పాళము చెడి, పెట్రోలు మించి పొగగొట్టమున వాసనవేయుచున్నది. దిగి వచ్చిన పిమ్మట నది దానంతట నదియే పోయినది.

మా యమ్మ షెర్మన్ వృక్షము క్రింద నిలిచి, తల యెత్తి, కొన కనబడక, రావిచెట్టునకువలె చుట్టు ప్రదక్షిణము చేయబోయినది. కంచె యుండుటచే సాధ్యపడలేదు. అచ్చటనే బండిలో పులిహోర తిని, రాత్రి లోయలో పడుకొని, మఱునాడు మరలితిమి. వచ్చునప్పుడు లోయవైపునుండి గ్రేప్‌వైను చడావు ఎక్కవలెను. నూటికి ఆఱుపాళ్ల వాలు. ఈ వైపు గట్టిపరీక్ష. నడుమ నొకచోట రెండవ గేరు వేయవలసివచ్చెను. అయినను కనుమ దాటితిమి.

బండి నమ్ముటను గూర్చి యింట మరల మాట రాలేదు. విప్పివేసిన పాత సోలెక్సును తమ్ముడు చెత్తలో వేయబోగా మరదలు వారించినది. దానిని తుడిచి, పాత చీరముక్కలో చుట్టి, వాను క్రిందియలమరలో బియ్యపుడబ్బా ప్రక్కన పెట్టినది.